అసలు అంటే ఏ ఏడాది?



ఈసారి గోల్ఫ్ గురించి రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్ల కోసం ఆఫీసు చుట్టూ తిరిగే పిల్లలకు గోల్ఫ్‌తో ఏం పని అని అడగొచ్చు. పని ఉంది. ఒక పాత స్థలాన్ని "అసలు రూపానికి" తెస్తామని డబ్బున్నవాళ్లు బయల్దేరినప్పుడు అందులో రాజకీయం ఎక్కడ దాక్కుంటుందో పట్టుకోవడం మనం నేర్చుకోవాలి. గుడి విషయంలో ఈ మాట అంటే మనోభావాలు అడ్డొస్తాయి. కోట విషయంలో అంటే చరిత్ర అడ్డొస్తుంది. గోల్ఫ్ కోర్సు విషయంలో మన దగ్గర ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. అందుకే నేర్చుకోవడానికి అది మంచి పాఠం.

2024 ఆగస్టులో అమెరికాలోని అట్లాంటా నగరంలో ఈస్ట్ లేక్ గోల్ఫ్ క్లబ్బు మళ్లీ పెద్ద పోటీకి సిద్ధమైంది. అమెరికా గోల్ఫ్‌లో పేరున్న టూర్ ఛాంపియన్‌షిప్ 2004 నుంచి ఏటా అక్కడే జరుగుతోంది. 2023 పోటీ ముగియగానే కోర్సుని మూసి, ఆండ్రూ గ్రీన్ అనే రూపకర్తకు అప్పగించారు. ఆయన 1949లో విమానం మీద నుంచి తీసిన ఒక ఫోటోను ఆధారం చేసుకుని, 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో డొనాల్డ్ రాస్ అనే మహా రూపకర్త ఇచ్చిన ఆకారాన్ని వెనక్కి తెచ్చే పని చేశాడు. ఏడాది తిరిగేసరికి కోర్సు మారిపోయింది. గోల్ఫ్ లోకం మెచ్చుకుంది.

ముందు ఆ పనిని గౌరవంగా చూద్దాం. తెలియని పనిని వెక్కిరించడం మన పద్ధతి కాదు. గోల్ఫ్ కోర్సు కట్టడం కాదు, పెరిగే నేల. దాన్ని ఎవరూ పాడు చెయ్యకపోయినా దానంతట అదే మారిపోతూ ఉంటుంది. బంతిని గుంతలోకి దొర్లించే నున్నటి గడ్డి చోటుని గ్రీన్ అంటారు. గడ్డి కోసే మిషను అంచు దగ్గర గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఏళ్ల తరబడి గ్రీన్ మూలలు కొద్దికొద్దిగా అరిగి, అది చిన్న ముద్దగా మిగులుతుంది. ఇసుక గుంతలోంచి బంతిని కొట్టిన ప్రతిసారీ కాస్త ఇసుక అంచు మీద పడి, ఆ గట్టు ఎత్తు పెరుగుతూ పోతుంది. మధ్యలో వచ్చిన కమిటీలు నీడ కోసమో అందం కోసమో చెట్లు నాటుతాయి. యాభై ఏళ్లకు మొదట గీసినవాడు వచ్చినా గుర్తుపట్టలేడు. అందుకే పునరుద్ధరించేవాళ్లు పాత విమాన ఫోటోలు, పాత నక్షాలు, క్లబ్బు మినిట్స్ పుస్తకాలు తిరగేస్తారు. మట్టిని పొరలు పొరలుగా తవ్వి పాత గ్రీన్ అంచు ఎక్కడుందో వెతుకుతారు. చెట్లు కొట్టేస్తారు. ఓపిక, చదువు, చేతి నైపుణ్యం మూడూ కావాల్సిన పని అది.

తెలుగు సాహిత్యం చదివే పిల్లలకు ఇది కొత్తగా అనిపించకూడదు. మనం చేసే గ్రంథ పరిష్కరణ ఇదే కదా. తాళపత్రాలు పోల్చడం, పాఠాంతరాలు రాసుకోవడం, ఏది కవి రాసింది, ఏది తర్వాత చేర్చిన ప్రక్షిప్తం అని తేల్చడం. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేసినప్పుడు ఎన్నో రాతప్రతులు ముందేసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన పెట్టినవి ఉన్నాయి, తీసుకున్నవి ఉన్నాయి. తర్వాత వచ్చిన పరిష్కర్తలు వేరేవి తీసుకున్నారు. ప్రతి పరిష్కర్తా తన చేతిలోది అసలు వేమన అనే చెప్పాడు. పరిష్కరణ అబద్ధమని నేనడం లేదు. "అసలు" అనేది మట్టిలో దొరికే వస్తువు కాదు, ఒక మనిషి చేసే ఎంపిక అంటున్నాను. ఎంపిక చేసినవాడు కారణం చెప్పాలి. చెప్పనప్పుడు అడగాలి.

ఈస్ట్ లేక్‌ని అడుగుదాం. అక్కడ కోర్సు తెరుచుకున్నది 1908లో. దాన్ని గీసింది టామ్ బెండెలో. 1913లో డొనాల్డ్ రాస్ వచ్చి దాన్ని తిరగరాశాడు. 1963లో అమెరికా, బ్రిటన్ జట్ల మధ్య జరిగిన రైడర్ కప్ కోసం జార్జి కాబ్ అనే ఆయన మళ్లీ మార్చాడు. 1994లో రీస్ జోన్స్ వచ్చి "రాస్ అసలు రూపాన్ని తిరిగి తెచ్చాం" అన్నాడు. ముప్పై ఏళ్లకు గ్రీన్ వచ్చి "రాస్ అసలు రూపాన్ని తిరిగి తెచ్చాం" అన్నాడు. ఒకే కోర్సుకి ఒకే మనిషి పేరు మీద అసలు రెండుసార్లు వచ్చింది. అన్నిటికన్నా మొదటిదైన బెండెలో నక్షా ఎవరికీ అసలు కాలేదు. కాబట్టి అసలు అంటే మొదటిది కాదు. అసలు అంటే ఇప్పటివాళ్లు తమ గతంగా చెప్పుకోవడానికి ఇష్టపడే ఏడాది.

ఈ సారికి దొరికిన ఏడాది 1949. సరే, ఆ ఫోటో తీసిన రోజుల్లో కింద నేల మీద ఏం ఉంది?

అట్లాంటా నగరం తన పోలీసు శాఖలోకి మొదటిసారి ఎనిమిది మంది నల్లజాతి వారిని తీసుకున్నది 1948లో. వాళ్లకు తెల్లవాడిని అరెస్టు చేసే అధికారం లేదు. పోలీసు హెడ్‌క్వార్టర్స్‌లో బట్టలు మార్చుకునే అనుమతి లేదు. నల్లవాళ్ల వై.ఎం.సి.ఎ. భవనంలో వాళ్లకు చోటిచ్చారు. యూనిఫాం వేసుకున్నా అంటరానితనం పోలేదు. మన దగ్గర కలెక్టరు అయినా కుర్చీ కడిగినవాళ్ల కథలు విన్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

గోల్ఫ్ సంగతి చూడండి. ఈస్ట్ లేక్ అనగానే గోల్ఫ్ వాళ్లు తలుచుకునే పేరు బాబీ జోన్స్. ఆయన అక్కడే ఆట నేర్చుకుని ప్రపంచం మెచ్చే ఆటగాడయ్యాడు. అట్లాంటా నగరపాలక సంస్థ ఆయన పేరుతో ఒక పబ్లిక్ గోల్ఫ్ కోర్సు నడిపేది. ప్రైవేటు క్లబ్బు కాదు, పన్ను డబ్బుతో నడిచేది. 1951 జూలైలో ఆల్ఫ్రెడ్ హోమ్స్, ఆయన తమ్ముడు, డాక్టరైన వాళ్ల నాన్న, ఒక మిత్రుడు కలిసి అక్కడికి ఆడటానికి వెళ్లారు. అందరూ "టప్" అని పిలిచే ఈ ఆల్ఫ్రెడ్ సాదాసీదా ఆటగాడు కాదు, టస్కీగీలో చదివేటప్పుడే నల్లజాతి కాలేజీల పోటీల్లో గెలిచినవాడు. వాళ్లని ఆడనివ్వలేదు. కారణం చర్మం.

హోమ్స్ కుటుంబం కోర్టుకెక్కింది. 1954లో కింది కోర్టు ఇచ్చిన తీర్పు తమాషాగా ఉంటుంది: వీళ్లకూ ఆడే హక్కుంది, కానీ నగరం కావాలంటే తెల్లవాళ్లతో కలవకుండా వేరుగా ఆడించుకోవచ్చు. రెండు గ్లాసుల హోటల్ మనకు తెలుసు కదా, ఇది రెండు వరసల గోల్ఫ్. వాళ్లు ఒప్పుకోలేదు. 1955 నవంబరు 7న అమెరికా సుప్రీంకోర్టు ఆ వేరు పద్ధతిని కొట్టేసింది. రోజా పార్క్స్ బస్సులో సీటు నుంచి లేవనన్న రోజుకి ఇంకా నెల కూడా లేదు. ఆ డిసెంబరు 24న హోమ్స్ బృందం అట్లాంటాలోని మరో నగర కోర్సులో ఆడింది. టప్ కొడుకు హామిల్టన్ హోమ్స్ 1961 జనవరిలో జార్జియా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన మొదటి ఇద్దరు నల్లజాతి విద్యార్థుల్లో ఒకడు. తండ్రి గోల్ఫ్ కోర్సు గేటు దగ్గర మొదలుపెట్టిన పనిని కొడుకు క్యాంపస్ గేటు దగ్గర కొనసాగించాడు. విద్యార్థి మిత్రులు ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ మనకు మహాడ్ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? చవదార్ చెరువు పబ్లిక్‌ది. 1923లో బొంబాయి శాసనమండలి, 1924లో మహాడ్ మున్సిపాలిటీ అందరికీ తెరిచామని తీర్మానాలు చేశాయి. కాగితం మీద తెరుచుకుంది, గట్టు మీద తెరుచుకోలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగాడు. ఆ తర్వాత సవర్ణులు ఏం చేశారో తెలుసు కదా. పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలు చెరువులో పోసి మంత్రాలు చదివి శుద్ధి చేశారు. అంటే వాళ్ల లెక్కలో చెరువుని "అసలు స్థితికి" తెచ్చారు. మనం తాగడం వాళ్లకు ప్రక్షిప్తం. ఆ చెరువు కేసు బొంబాయి హైకోర్టులో బాబాసాహెబ్ పక్షాన తేలేసరికి 1937 వచ్చింది.

శుద్ధి, పునరుద్ధరణ ఒకటే అని నేను తేల్చడం లేదు. గడ్డి సరిచేసేవాడు పేడ కుండ మోసినవాడు కాదు. కానీ రెండింటిలోనూ ఒక ప్రశ్న ఉమ్మడిగా ఉంది. స్థలం చెడిపోయింది అంటున్నావు కదా, ఎవరు అడుగుపెట్టిన రోజు నుంచి చెడిపోయింది అంటున్నావు?

ఈస్ట్ లేక్ చెడిపోయిన కథ ఆ ప్రశ్నతోనే చదవాలి. 1960లలో అట్లాంటాలో ఆ వైపుకి నల్లజాతి కుటుంబాలు రావడం మొదలైంది. తెల్ల కుటుంబాలు ఇళ్లు అమ్ముకుని శివార్లకు వెళ్లిపోయాయి. క్లబ్బు నడిపే అట్లాంటా అథ్లెటిక్ క్లబ్ కూడా వాళ్ల వెనకే దూరంగా తరలిపోయింది. ఈస్ట్ లేక్‌లో అప్పటికి రెండు కోర్సులున్నాయి. రెండోదాన్ని అమ్మేశారు. మొదటిది కూడా పోయేదే, పాతిక మంది సభ్యులు కొనుక్కుని నిలబెట్టారు. అమ్మేసిన రెండో కోర్సు నేల మీద 1970లో ప్రభుత్వం 650 ఇళ్ల కాలనీ కట్టింది. పేరు ఈస్ట్ లేక్ మెడోస్. అందులోకి వచ్చినవాళ్లు దాదాపు అందరూ నల్లజాతి పేదలు.

ఊరు ఖాళీ చేసి వెళ్లాక మిగిలిన నేలలో వాడ కట్టారు, అంతే. నాసిరకం కట్టడం, పొంగే మురుగు, పట్టించుకోని నగరం. తర్వాత మాదకద్రవ్యాలు, తుపాకులు. ఆ చోటుకి "చిన్న వియత్నాం" అని పేరు పడింది. గోల్ఫ్ చరిత్ర చెప్పేవాళ్లు ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు: చుట్టుపక్కల పరిస్థితులు దిగజారి కోర్సు కూడా పాడైంది అని. వాక్యం ఎలా కట్టారో చూడండి. కర్త లేడు. పారిపోయినవాడు లేడు, నాసిరకంగా కట్టినవాడు లేడు, రిపేరు చెయ్యనివాడు లేడు. "పరిస్థితులు" దిగజారాయి. వ్యాకరణంలో కర్త మాయమైన చోట సమాజంలో ఎవరో తప్పించుకున్నారని అర్థం. నేను క్లాసులో ఎప్పుడూ చెప్పే మాటే ఇది.

1993లో టామ్ కజిన్స్ అనే పెద్ద రియల్ ఎస్టేట్ వ్యాపారి ఫౌండేషన్ ఆ క్లబ్బుని కొన్నది. ఆయన ఆలోచన ఇది: కోర్సుని రాస్ రూపానికి తెచ్చి, పెద్ద కంపెనీలను సభ్యులుగా చేర్చుకుని, వాళ్ల నుంచి పెద్ద మొత్తంలో విరాళాలు తీసుకుని, ఆ డబ్బుతో పక్కనున్న కాలనీని మార్చడం. అలాగే చేశాడు. 1995 తర్వాత మెడోస్‌ని కూల్చేశారు. ఆ స్థానంలో 542 ఇళ్లు వచ్చాయి. సగం మార్కెట్ అద్దెకి, సగం ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాలకి. 2000లో అట్లాంటాలో మొదటి చార్టర్ స్కూలు, చార్లెస్ డ్రూ పేరుతో, అక్కడే తెరిచారు. నేరాలు బాగా తగ్గాయి. పిల్లల చదువు బాగుపడింది. ఇవన్నీ నిజాలు, తక్కువ చేసి చెప్పను. తుపాకీ చప్పుడు వినకుండా నిద్రపోవడం అనేది ఒక తల్లికి ఏమిటో సిద్ధాంతాలు చెప్పేవాళ్లకి అర్థం కాదు.

అయితే లెక్కలో రెండో వైపు కూడా రాయాలి. 650 ఇళ్లు పోయాయి. సాయం ఉన్న ఇళ్లు వాటిలో సగానికన్నా తక్కువ వచ్చాయి. తిరిగి రావాలంటే పని చేస్తూ ఉండాలి లేదా శిక్షణలో ఉండాలి, పోలీసు రికార్డు ఉండకూడదు. మెడోస్‌లో ఉన్న కుటుంబాల్లో కొత్త కాలనీకి తిరిగి వచ్చినవి చిన్న భాగమే. మిగతావాళ్లు చేతిలో అద్దె వోచరు పట్టుకుని నగరంలో ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. స్థలం బాగుపడింది. మనుషులు బాగుపడ్డారా అన్న లెక్క వేరు, ఎందుకంటే ఆ స్థలంలో ఇప్పుడున్నది ఆ మనుషులు కాదు. వాడని బాగుచేయడం వేరు, వాడలోవాళ్లని మార్చేసి వాడ బాగుపడింది అనడం వేరు.

ఈ మొత్తంలో నాకు గౌరవం కలిగించే పేరు రాస్ కాదు, కజిన్స్ కాదు. ఈవా డేవిస్. మెడోస్ అద్దెదారుల సంఘం అధ్యక్షురాలు. మొదట ఆమె ఈ పథకాన్ని నమ్మలేదు. పెద్దమనుషులు కడుపు నిండిన చిరునవ్వుతో వచ్చి "మీ మంచికే" అంటే సరే అని తలూపలేదు. నెలల తరబడి కూర్చుని బేరమాడింది. మాట మీద వదలలేదు, ప్రతిదీ కాగితం మీదకి రావాలంది. సగం ఇళ్లయినా పేదవాళ్లకి మిగిలాయంటే అందులో ఆ సంఘం పట్టుదల ఉంది. ఇప్పుడు అక్కడ ఒక వీధికి ఆమె పేరుంది. 2020లో వచ్చిన "ఈస్ట్ లేక్ మెడోస్: ఎ పబ్లిక్ హౌసింగ్ స్టోరీ" అనే డాక్యుమెంటరీలో అక్కడ బతికినవాళ్లే తమ కథ చెప్పుకుంటారు. దొరికితే హాస్టల్లో పదిమంది కలిసి చూడండి. చెడ్డ చోటు అని లోకం తేల్చేసిన చోట పుట్టినరోజులూ పెళ్లిళ్లూ పొరుగింటి వంటలూ ఎలా ఉంటాయో మనకు తెలుసు, కానీ వాళ్ల నోటి నుంచి వినడం వేరు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, నాకూ అది చిన్నదిగా కనిపించదు. "రూపకర్త గీసిన గీతకి జాతి ఏమిటి? ఇసుక గుంతకి కులమేమిటి? ఆ రోజుల పాపాలన్నీ ఆ కళ మీద రుద్దితే లోకంలో ఒక్క పాత అందమూ మిగలదు." నిజమే, గీతకి కులం లేదు. మన తాతలు రాయి మోసి కట్టిన గుళ్లలోనూ శిల్పానికి కులం లేదు. గడపకే ఉంది. నా గొడవ గీతతో కాదు, గడపతో. గీతని తిరిగి తెచ్చినప్పుడు గడప కథ కూడా తిరిగి చెప్పండి అంటున్నాను. నైపుణ్యాన్ని మనం ఎందుకు ద్వేషిస్తాం? ఆ నైపుణ్యంలో మనవాళ్ల చేతులూ ఉన్నాయి.

జోసెఫ్ బార్థలొమ్యూ పేరు ఎంతమంది విన్నారు? 1888లో పుట్టిన న్యూ ఓర్లీన్స్ నల్లజాతి మనిషి. చిన్నప్పుడు గోల్ఫ్ ఆడేవాళ్ల సంచులు మోసే క్యాడీ. ఆ ఆటని, నేలని అంత బాగా అర్థం చేసుకున్నాడని క్లబ్బు పెద్దలు ఆయన్ని న్యూయార్క్ పంపి కోర్సు రూపకల్పన నేర్పించారు. తిరిగొచ్చి మెటైరీ క్లబ్బు కోర్సు కట్టాడు. కట్టిన కోర్సులో ఆయన్ని ఆడనివ్వలేదు. తర్వాతా కోర్సులు కట్టాడు, వాటిలో చాలాచోట్ల తెల్లవాళ్లే ఆడారు. అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘం నియమావళిలో తెల్లజాతి వారికే సభ్యత్వం అన్న మాట 1961 నవంబరు దాకా ఉంది. చెప్పు కుట్టినవాడు చెప్పులేసుకుని ఊళ్లో నడవకూడదన్న మన ఊళ్ల నియమానికీ దీనికీ తేడా ఎంత? కాబట్టి ఎవరైనా పాత కోర్సుని అసలు రూపానికి తెస్తామంటే బార్థలొమ్యూ లాంటి వాళ్ల పేర్లు కూడా మట్టి పొరల్లోంచి తవ్వి తీయాలి. గ్రీన్ అంచు కోసం తవ్వే ఓపికలో పదో వంతు చాలు దానికి.

ఇప్పుడు ఇంకో పునరుద్ధరణ. ఇది చదివితే "అసలు" అనే మాట ఎంత దూరం వెళ్లగలదో తెలుస్తుంది.

ఒహాయో రాష్ట్రంలో న్యూవార్క్ అనే ఊళ్లో దాదాపు రెండు వేల ఏళ్ల కిందట అక్కడి మూలవాసులు గంపలతో మట్టి మోసి గట్లు కట్టారు. ఒక పెద్ద వలయం, దానికి ఆనుకుని యాభై ఎకరాల అష్టభుజి. ఆ గట్ల వరసలు చంద్రుడు ఉదయించే చోట్లతో సరిపోతాయి. చంద్రుడి ఉదయం ఉత్తరపు చివరకి చేరి తిరిగి వచ్చే చక్రం 18.6 ఏళ్లు. అన్నేళ్ల ఆకాశాన్ని మట్టితో కొలిచి రాసినవాళ్లు వాళ్లు. ఇప్పుడు ఆ గట్ల మీద ఏం కట్టారో ఊహించండి. గోల్ఫ్ కోర్సు. 1910లో మౌండ్‌బిల్డర్స్ కంట్రీ క్లబ్ ఆ నేలని లీజుకి తీసుకుంది. మూలవాసులని తరిమేసి, "గట్టు కట్టినవాళ్లు" అనే పేరునే క్లబ్బుకి పెట్టుకున్నారు. కోర్సు గీసింది ఎవరో తెలుసా? టామ్ బెండెలో. ఈస్ట్ లేక్‌ని మొదట గీసిన ఆయనే.

అప్పట్నుంచి వందేళ్లకు పైగా ఆ గట్ల మీద బంతులు ఎగిరాయి. మామూలు జనానికి మొత్తం స్థలం తిరిగి చూసే అవకాశం ఏడాదిలో కొద్ది రోజులే. స్థలం సొంతదారైన ఒహాయో చరిత్ర సంస్థ లీజుని వెనక్కి తీసుకోవాలని కోర్టుకెళ్లింది. లీజు గడువు ఇంకా 2078 దాకా ఉంది. 2022 డిసెంబరులో ఒహాయో సుప్రీంకోర్టు 6-1 మెజారిటీతో ఆ సంస్థ వైపు తీర్పిచ్చింది. 2023 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఆ గట్లు చేరాయి. క్లబ్బుతో ఒప్పందం కుదిరి, గోల్ఫ్ ఆగిపోయి, 2025 జనవరి 1న ఆ నేల అందరికీ తెరుచుకుంది.

ఒకే రూపకర్త గీసిన రెండు కోర్సులు. ఒకచోట "అసలు" కోసం గోల్ఫ్ కోర్సుని తవ్వి గోల్ఫ్ కోర్సుని తీశారు. ఇంకోచోట "అసలు" కోసం గోల్ఫ్ కోర్సునే తీసేశారు. మట్టి మట్టే, ఏడాదే వేరు. ఆ మాటకొస్తే ఈస్ట్ లేక్ ఉన్న నేల కూడా 1821 ఒప్పందం పేరుతో మస్కోగీ ప్రజల నుంచి తీసుకున్నదే. ఆ ఏడాదిని అసలు అనేవాళ్లు ఆ క్లబ్బు కమిటీలో ఎవరుంటారు? ఏ గతం తిరిగి రావాలో గతం నిర్ణయించదు, కమిటీలో కూర్చున్నవాళ్లు నిర్ణయిస్తారు. అందుకే కమిటీలో మన కుర్చీ గురించి అంత గొడవ చేస్తాం.

ఇదంతా అమెరికా ముచ్చట కదా అనేవాళ్లకి గోల్కొండ గుర్తు చేస్తాను. అక్కడి నయా ఖిలాలో కుతుబ్ షాహీల తోట ఉండేది. పురావస్తు శాఖ తవ్వితే నీటి కాలువలు బయటపడ్డాయి. "హాథియాన్ కా ఝాడ్" అని జనం పిలుచుకునే వందల ఏళ్ల బావోబాబ్ చెట్టు అక్కడే ఉంది. ఆ గోడల లోపలే ఇప్పుడు గోల్ఫ్ కోర్సు ఉంది. రేపు ఎవరైనా నయా ఖిలాని అసలు రూపానికి తెస్తామంటే మనం అడగాల్సింది ఒకటే. ఏ అసలు? సుల్తాను తోటదా, క్లబ్బు సభ్యులదా, ఆ తోటకు కాలువ తవ్వినవాళ్లదా? చెట్టు చూడ్డానికి వచ్చే బస్తీ పిల్లవాడికి గేటు తెరుచుకుంటుందా లేదా?

అట్లాంటా శివార్లలో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు, రిజర్వేషన్ సీటులో చదివి వీసా మీద వెళ్లినవాళ్లు. ఆఫీసు వాళ్లు టిక్కెట్టిస్తే టూర్ ఛాంపియన్‌షిప్ చూడ్డానికి తప్పకుండా వెళ్లండి. పచ్చగా ఉంటుంది, బాగుంటుంది. చూసొచ్చాక ఈవా డేవిస్ పేరున్న వీధిలో కూడా కాసేపు నడవండి. నగరం ఇంకో వైపున ఆడమ్స్ పార్క్ గోల్ఫ్ కోర్సు ఉంది, 1983లో దానికి టప్ హోమ్స్ పేరు పెట్టారు. అక్కడ డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు. చేతనైతే ఒక ఆట ఆడి రండి.

చివరగా పని మాట. పాత స్థలాల్ని బాగుచేయొద్దని మనం ఎప్పుడూ అనొద్దు. శిథిలం మనకేం ముద్దు కాదు, ఎక్కువకాలం శిథిలాల పక్కన బతికింది మనమే. కానీ ఏ ఊళ్లో ఎవరు సుందరీకరణ అన్నా, పునరుద్ధరణ అన్నా, జీర్ణోద్ధరణ అన్నా, మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. మీరు తిరిగి తెచ్చేది ఏ ఏడాది? ఆ ఏడాదిలో మేం గేటుకి ఏ వైపు ఉన్నాం? పని అయ్యాక, ఇప్పుడు ఇక్కడ బతుకుతున్నవాళ్లలో ఎంతమంది ఇక్కడే ఉంటారు?

మూడో ప్రశ్నకి జవాబు కాగితం మీద, సంతకంతో తీసుకోండి. ఈవా డేవిస్ తీసుకున్నట్టు.

జై భీమ్.